అల్లరి పిల్లల ఈత జట్టును దారిలో పెట్టడం ఎలా? కోచ్‌ల కోసం సమగ్ర మార్గదర్శి

కర్నూలులో ఎండలు ముదిరాయంటే తెల్లవారి ఐదింటికే కొలను గేటు ముందు పిల్లల చెప్పులు కుప్పపడతాయి. వాళ్ళలో కొందరు లారీ ట్యూబు నడుముకు తగిలించుకొని ఊరి బావిలోనో, కె.సి. (కర్నూలు-కడప) కాలువలోనో ఈత నేర్చినవాళ్ళు. కొందరు గాగుల్స్ కొన్నాకే నీళ్ళు చూసినవాళ్ళు. ఈ రెండు రకాలనూ ఒకే లేన్‌లో దింపి, "ఈత వచ్చింది గానీ మాట వినడం రాలేదు, ఏం చేయాలి?" అని అడిగే కొత్త కోచ్‌ల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

లెక్క కోసం 25 మీటర్ల కొలను, నాలుగు లేన్లు, తొమ్మిది నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలు 24 మంది, ఒక కోచ్, ఒక సహాయకుడు, గంటన్నర సమయం ఉన్నాయని అనుకుందాం. మీ దగ్గర అంకెలు వేరైతే అంకెలు మార్చుకోండి, కానీ పనుల వరుసను మాత్రం మార్చకండి.

1. గట్టు మీద ముందుగా సర్దుకోవలసినవి

మాట వినని జట్టును నీళ్ళలోకి దింపే ముందు, ఎవరూ మాట వినకపోయినా ప్రాణం పోకుండా ఉండే ఏర్పాటు చేసుకోవాలి. క్రమశిక్షణ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

కోచ్ ఈత చూస్తాడు, స్టాప్‌వాచ్ చూస్తాడు, ఒక పిల్లవాడి చెయ్యి సరిచేస్తూ మిగతా ఇరవై ముగ్గురికి వీపు పెడతాడు. కాబట్టి గట్టు మీద ఇంకొక పెద్దమనిషి ఉండి తీరాలి. తలలు లెక్కపెట్టడం తప్ప ఆయనకు వేరే పని ఉండకూడదు, ఆయన చేతిలో ఫోన్ అసలే ఉండకూడదు. జట్టులో ఆడపిల్లలుంటే ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయితే సగం ఇబ్బందులు ముందే తీరిపోతాయి. బట్టలు మార్చుకునే గదిలో ఏ పెద్దమనిషీ ఒక్క పిల్లవాడితో ఒంటరిగా ఉండకూడదన్న నియమం కోచ్‌కు కూడా వర్తిస్తుంది.

చేర్చుకునేటప్పుడే ఉబ్బసం, మూర్ఛ, చెవిలో చీము, గుండె జబ్బు ఏవైనా ఉన్నాయా అని తల్లిదండ్రుల చేత రాయించుకోండి. బావిలో నేర్చినవాడు "నాకు బాగా వచ్చు సార్" అంటే నమ్మేసి లోతు వైపు పంపకండి. ముందు లోతు తక్కువ ఉన్న వైపు 50 మీటర్లు ఆగకుండా ఈదించి, ఒక నిమిషం వెల్లకిలా తేలమని చెప్పి, ఆ తర్వాతే లేన్ నిర్ణయించండి.

రోజూ గేటు తీసే ముందు చూసుకోవలసిన పట్టిక ఇది:

- కొలను అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. కనిపించకపోతే ఆ రోజు నీళ్ళలో సాధన లేదు, గట్టు మీద వ్యాయామమే.
- నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంది, క్లోరిన్ సరిపడా ఉంది. కళ్ళు మండే పిల్లలు మామూలు కన్నా ఎక్కువ చిరాకు పడతారు.
- పొడవాటి గడ, తాడు కట్టిన లైఫ్‌బాయ్ (తేలే చక్రం) చేతికందే చోట ఉన్నాయి.
- ఇద్దరు పెద్దవాళ్ళలో ఒకరికైనా సీపీఆర్ (శ్వాస, గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) వచ్చు. నీళ్ళలో మునిగి శ్వాస ఆగినవాడికి ముందు నోటి ద్వారా శ్వాస ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలన్న వరుస వాళ్ళకు గుర్తుంది.
- 108కి ఫోన్ చేసేది ఎవరో, అంబులెన్సుకు గేటు తీసేది ఎవరో ముందే తేలింది.
- హాజరు పట్టీలోని సంఖ్య, నీళ్ళలోని తలల సంఖ్య ఒక్కటే.

2. మూడు రోజులు మందలించకుండా రాసుకోండి

చాలామంది కోచ్‌లు ఈ అంచెను దాటేసి నేరుగా నియమాల దగ్గరికి వెళ్తారు, అక్కడే దెబ్బతింటారు. ప్రాణాపాయం లేని అల్లరిని మూడు రోజుల పాటు ఆపే ప్రయత్నం చేయకుండా ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. పిల్లవాడి పేరు ఒక్కటే రాస్తే ఏమీ తెలియదు. సమయం, లేన్, అంతకు ముందు క్షణంలో ఏం జరుగుతోందన్నది రాయాలి.

రాత ఇలా ఉంటుంది: "5:52, రెండో లేన్, 50 మీటర్లు ముగించి గోడ పట్టుకొని ఉన్నప్పుడు, నీళ్ళు చల్లుకోవడం." "6:10, నాలుగో లేన్, నేను మూడో లేన్‌కు వివరిస్తుండగా, ఒకడి కాలు ఇంకొకడు లాగడం." "6:48, గాగుల్స్ కోసం పేచీ, అందరికీ ఆకలి."

మూడో రోజు సాయంత్రం ఆ పేజీలు తిరగేస్తే మీకే అర్థమవుతుంది. ఈదుతున్న పిల్లవాడు అల్లరి చేయలేడు, ఎందుకంటే వాడి నోరు నీళ్ళలో ఉంటుంది. గొడవల్లో ఎక్కువ భాగం గోడ దగ్గరే పుడతాయి: తాను ముగించి మిగతావాళ్ళు వచ్చేదాకా ఆగినప్పుడు, కోచ్ ఉపన్యాసం చెప్తున్నప్పుడు, తర్వాత ఏం చేయాలో తెలియనప్పుడు. మిగిలినవి బట్టలు మార్చుకునే గది దగ్గర, ఆఖరి పావుగంటలో పుడతాయి. నేనైతే ఇద్దరు పిల్లలను "చెడగొట్టేవాళ్ళు" అని నెలల తరబడి అనుకున్నాను. నోట్‌బుక్ చూశాక తెలిసింది, వాళ్ళిద్దరూ జట్టులో అందరికన్నా వేగంగా ఈదేవాళ్ళు కావడం వల్ల గోడ దగ్గర అందరికన్నా ఎక్కువసేపు ఖాళీగా నిలబడుతున్నారు. ఆ ఖాళీని సృష్టించింది నేనే.

3. లేన్ల సర్దుబాటు, గడియారం లెక్క

ఆ ఖాళీని తగ్గించడానికి ముందుగా పిల్లలను వయసును బట్టి కాక వేగాన్ని బట్టి విడదీయండి. పదిహేనేళ్ళ వాడు పదేళ్ళ పిల్లతో ఒకే లేన్‌లో ఉండవలసి వస్తే వాడికి కొంచెం నామోషీగా ఉంటుంది, నిజమే. దానికి మందు ఏమిటంటే, రెండు వారాలకొకసారి అందరికీ సమయం తీసి లేన్లు మారుస్తామని మొదటి రోజే చెప్పడం.

లేన్‌కు ఆరుగురికి మించకూడదు. ఒక పక్కన వెళ్ళి, రెండో పక్కన తిరిగి రావాలి. గోడకు చేరినవాళ్ళు మూలకు జరిగి వెనక వచ్చేవాళ్ళకు మధ్యలో చోటివ్వాలి. ఈ ఒక్క అలవాటు లేకనే సగం తన్నులాటలు జరుగుతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక లేన్‌లో పిల్లలు 50 మీటర్లను సుమారు 60 సెకన్లలో ఈదుతున్నారనుకోండి. ఒక్కొక్కరూ 5 సెకన్ల తేడాతో బయలుదేరితే, మొదటివాడు వెళ్ళిన 25 సెకన్లకు ఆరో పిల్లవాడు వెళ్తాడు. "అందరూ వచ్చాక మళ్ళీ మొదలు" అంటే, మొదటివాడు 60వ సెకనుకు గోడ పట్టుకొని 85వ సెకను దాకా ఆరోవాడి కోసం ఎదురుచూస్తాడు, ఆపైన మీరు విజిల్ వేసేదాకా ఇంకొంత. అదే "ప్రతి 1 నిమిషం 15 సెకన్లకు ఎవరి వంతు వాళ్ళు కదలాలి" అంటే, ఆరుగురిలో ఎవరికైనా దొరికే విరామం 15 సెకన్లే. ఊపిరి తీసుకోవడానికి సరిపోతుంది, పక్కవాడి క్యాప్ లాగడానికి సరిపోదు.

దీనికి గట్టు మీద అందరికీ కనిపించే పెద్ద సెకన్ల గడియారం కావాలి. ప్రత్యేకమైనది కొనలేకపోతే పెద్ద ముల్లున్న గోడ గడియారాన్ని కుర్చీకి కట్టి నిలబెట్టినా పని జరుగుతుంది. గడియారం చూసి బయలుదేరడం పిల్లలకు అలవాటయ్యాక మీ అరుపులు సగం తగ్గుతాయి. అరిచేది మీరైతే మీతో పేచీ పెట్టుకోవచ్చు గానీ, ముల్లుతో ఎవరూ పేచీ పెట్టుకోలేరు.

ప్రతి లేన్‌కు ఒక నాయకుడిని వారానికొకరి చొప్పున మార్చండి. అందరికన్నా అల్లరివాడిని మొదటి వారమే నాయకుడిని చేయకండి, అది బహుమతిలా కనిపిస్తుంది. మూడో వారం చేయండి.

4. గంటన్నర పాఠం వరుస

- 5:30 నుంచి 5:40: గట్టు మీద హాజరు, భుజాల కదలికలు. ఆ రోజు పాఠమంతా ఇక్కడే, పొడిగా ఉన్నప్పుడే చెప్పాలి. పలక మీద రాసి పెట్టాలి.
- 5:40 నుంచి 5:55: నెమ్మదిగా 400 మీటర్లు, చిన్నవాళ్ళకు 200.
- 5:55 నుంచి 6:15: ఒకే ఒక్క మెళకువ. చెయ్యి గానీ కాలు గానీ, రెండూ ఒకే రోజు వద్దు.
- 6:15 నుంచి 6:40: గడియారం మీద ప్రధాన సాధన.
- 6:40 నుంచి 6:50: నీళ్ళలోకి దూకడం, గోడ దగ్గర మలుపులు.
- 6:50 నుంచి 7:00: రిలే (ఒకరి తర్వాత ఒకరు ఈదే జట్టు పందెం) లేదా నీళ్ళ ఆట.

నీళ్ళలో ఉన్నవాళ్ళకు మూడు వాక్యాలకు మించి చెప్పకండి. చెవుల్లో నీళ్ళు, తల మీద రబ్బరు క్యాప్, పైన రేకుల షెడ్డు ప్రతిధ్వని ఉన్నచోట నాలుగో వాక్యం ఎవరికీ వినపడదు.

ఆకలిని కూడా పాఠంలో భాగంగా లెక్కించండి. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లవాడు ఆరున్నర దాటాక తప్పకుండా ఎవరితోనో ఒకరితో గొడవపడతాడు. బయలుదేరే ముందు ఒక అరటిపండో, అరగ్లాసు రాగి జావో చాలు. ఉగ్గాని, బజ్జి మాత్రం బయటికి వచ్చాకే. బజ్జి తిని, రెండు చేతులూ ఒకేసారి విసిరే బటర్‌ఫ్లై ఈదిన పిల్లవాడి సంగతి కొలను శుభ్రం చేసేవాళ్ళను అడగండి.

5. నియమాలు ఐదే, విజిల్ గుర్తులు మూడే

పన్నెండు నియమాల బోర్డు రాసి గోడకు తగిలిస్తే పిల్లలు దాని కింద తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. ఐదు చాలు. వాటిని "చేయకూడదు" అని కాక, వీలైనంతవరకు "ఇలా చేయాలి" అని చెప్పండి:

- గట్టు మీద నడవాలి.
- ఒక చిన్న విజిల్ విన్న చోటే ఆగి కోచ్ వైపు చూడాలి.
- చెప్పినప్పుడు, చెప్పిన చోటి నుంచి మాత్రమే దూకాలి.
- ఇంకొకరి తల, కాళ్ళు, బట్టల జోలికి పోకూడదు.
- బయటికి వెళ్ళాలంటే సహాయకుడితో చెప్పి వెళ్ళాలి.

మొదటి ఏడు రోజులూ ఏదో ఒక పిల్లవాడి చేత వీటిని గట్టిగా చెప్పించండి. ఒక చిన్న విజిల్ అంటే నా వైపు చూడండి. రెండు చిన్న విజిళ్ళంటే బయలుదేరండి. ఒక పొడవాటి విజిల్ అంటే అందరూ గోడకు చేరి బయటికి రండి. మూడోదాన్ని వారానికొకసారి ముందు చెప్పకుండా వేసి, ఎన్ని సెకన్లలో కొలను ఖాళీ అయిందో పలక మీద రాయండి. మాట వినని జట్టు కూడా తన పాత రికార్డును కొట్టాలన్న పట్టుదలతో పరుగున బయటికి వస్తుంది. "పరుగు కాదు, నడక" అని అప్పుడు మొదటి నియమాన్ని గుర్తు చేసే అవకాశమూ మీకు దొరుకుతుంది.

ఊపిరి బిగపట్టి ఎవరు ఎక్కువ దూరం మునిగి వెళ్తారన్న పందెం ఈ జట్లలో తప్పకుండా మొదలవుతుంది, దాన్ని మొదటి రోజే నిషేధించండి. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. గాలి కావాలన్న తపన పుట్టించేది ప్రధానంగా ఆ వాయువే కాబట్టి, ఆక్సిజన్ అయిపోతున్నా పిల్లవాడికి పైకి రావాలనిపించదు. ఏ గుర్తూ లేకుండా నీళ్ళ అడుగునే స్పృహ తప్పుతాడు. పైనుంచి చూసేవాళ్ళకు వాడు పందెం గెలుస్తున్నట్టే కనిపిస్తాడు.

6. నియమం తప్పినప్పుడు: మెట్లు, వాటి వరుస

మొదటి మెట్టు: పేరు పెట్టి పిలిచి, చేయవలసిన పని ఒక్క మాటలో చెప్పండి. "ఎందుకు చేసినావు?" అని అడగకండి, "వాడే ముందు నీళ్ళు చల్లినాడు సార్" అన్న కథ మొదలై ఐదుగురు సాక్షులు తయారవుతారు.

రెండో మెట్టు: మూడు నిమిషాలు గట్టు మీద, నీడలో, తువ్వాలు కప్పుకొని, మీ కంటి ముందు కూర్చోబెట్టండి. సమయాన్ని గడియారంలో వాడే చూసుకుని, అయ్యాక వాడే లేచి వచ్చి తన లేన్‌లో చివర చేరాలి. తిరిగి వచ్చినవాడికి మళ్ళీ ఉపన్యాసం ఇవ్వకండి.

మూడో మెట్టు: ఆ రోజుకు ఈత లేదు. సహాయకుడి పక్కన కూర్చొని తన లేన్‌వాళ్ళ సమయాలు రాయాలి. పాఠం ముగిశాక ఐదు నిమిషాలు మీరు, వాడు, అందరికీ కనిపించే చోట నిలబడి మాట్లాడుకోవాలి.

నాలుగో మెట్టు: తల్లినో తండ్రినో పిలిపించి, పిల్లవాడి ముందే, జరిగినది మాత్రమే చెప్పడం.

ఇంకొకరిని నీళ్ళలో నొక్కి పట్టడం, గట్టు మీది నుంచి తోయడం, పొడవాటి విజిల్‌కు బయటికి రాకపోవడం, ఈ మూడింటికి మాత్రం మొదటి రెండు మెట్లు లేవు. నేరుగా మూడో మెట్టే, అదే రోజు ఇంటికి ఫోన్.

ఆ ఫోన్ తర్వాత కూడా వాడు మీ దగ్గరే కూర్చోవాలి, ఇంటివాళ్ళు వచ్చేదాకా గేటు దాటకూడదు. ఇది నేను నా తప్పుతోనే నేర్చుకున్నాను. తొలి ఏడాది ఒక పిల్లవాణ్ణి కోపంతో "బయటికి పో" అని పంపేశాను. వాడు నేరుగా కె.సి. కాలువకు పోయి, ఏడింటి దాకా అక్కడ ఈత కొట్టి, తలారబెట్టుకొని ఇంటికి వెళ్ళాడు. వాళ్ళమ్మ లెక్కలో వాడు నా కొలనులోనే ఉన్నాడు. ఎవరి పుణ్యమో ఏమీ కాలేదు. తుంగభద్ర, హంద్రీ, కాలువ అన్నీ ఉన్న ఊళ్ళో పిల్లవాణ్ణి కొలను నుంచి వెళ్ళగొట్టడమంటే కాపలా లేని నీళ్ళకు పంపడమే.

ఏ మెట్టు మీదా చేయకూడనివి ఇవి:

- కొట్టడం, చెవి మెలిపెట్టడం, తిట్టడం. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. కొలను బడి కాకపోయినా, తన సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరత్వానికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద శిక్ష ఉంది.
- ఎండలో నిలబెట్టడం, తాగే నీళ్ళు ఆపడం.
- నీళ్ళలోకి తోయడం, ఊపిరి బిగపట్టించడం.
- శిక్షగా అదనపు రౌండ్లు ఈదించడం.

చివరిదానికి చాలామంది ఒప్పుకోరు. నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు, అల్లరి చేసిన ప్రతివాడికీ నాలుగు రౌండ్లు బటర్‌ఫ్లై వేసేవాణ్ణి. ఆ ఏడాది జిల్లా పోటీలకు పేర్లు రాసేటప్పుడు బటర్‌ఫ్లైకి ఒక్కడూ చెయ్యి ఎత్తలేదు.

7. తరచూ ఎదురయ్యేవాళ్ళు

బావి ఈతగాడు. వీడికి నీటి భయం లేదు, వరుస అలవాటూ లేదు. తల పైకెత్తి ఈదుతాడు, ఎక్కడ పడితే అక్కడ దబ్బున దూకుతాడు. వాడి దూకుడును తిట్టకండి, దానికో వేళ పెట్టండి: 6:40కి, లోతు వైపు, ఒక్కొక్కరుగా. బ్లాకు (పోటీల్లో నిలబడి దూకే దిమ్మె) మీది నుంచి తల ముందుగా దూకాలంటే అక్కడ కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని పోటీల నిబంధనలు చెప్తాయి. పిల్లలకైతే అంతకన్నా ఎక్కువే ఉండాలని నేనంటాను.

విదూషకుడు. ప్రతి కష్టమైన సాధనకు ముందు నవ్వించేవాణ్ణి జాగ్రత్తగా గమనించండి. చాలాసార్లు వాడికి లోతు వైపు భయం ఉంటుంది, దాన్ని దాచుకోవడానికే ఆ వేషం. అందరి ముందు అడిగితే ఒప్పుకోడు. ఐదు నిమిషాలు ముందు రమ్మని గోడ పక్కన తేలడం నేర్పితే వేషం దానంతటదే రాలిపోతుంది.

రోజూ కడుపునొప్పి చెప్పేవాళ్ళు. అబ్బాయి అయితే ఆ రోజు సమయాలు రాసే పని ఇవ్వండి, రెండు రోజుల్లో తేలిపోతుంది. ఎదిగిన ఆడపిల్ల ఈరోజు దిగను అంటే మాత్రం కారణం అడగకుండా గట్టు మీద పని చెప్పాలి, ఆ సంగతి సహాయకుడికీ ముందే చెప్పి ఉంచాలి.

8. గోడ అవతలి తల్లిదండ్రులు

కంచె పట్టుకొని "కొట్టు, కొట్టు, చెయ్యి బాగా కొట్టు" అని అరిచే తండ్రి ఉన్నంతసేపు ఆ పిల్లవాడు మీ విజిల్ వినడు. వాళ్ళను కొలనుకు ఎదురుగా కాక వెనక వైపు కూర్చోబెట్టండి. ఆదివారం ఒక్క రోజు మాత్రం దగ్గరగా చూడనివ్వండి.

"తోలు తీయండి సార్, మేమేమీ అనుకోము" అనే పెద్దమనిషి కూడా తప్పకుండా వస్తాడు. నేను ఇచ్చే జవాబు ఒకటే: "తోలు తీసేది వద్దులే అన్నా, టయానికి తోలుకొని రాండి, అది చాలు." ఐదున్నరకు రావలసినవాడు ఐదు ముప్పావుకు వస్తే, పాఠం వినకుండానే నీళ్ళలో దిగుతాడు, గోడ దగ్గర పక్కవాణ్ణి అడుగుతాడు, అక్కడి నుంచి గొడవ మొదలవుతుంది.

9. పోటీల ముందు వారం

క్రమశిక్షణ లేకపోవడం వల్ల పోటీలో నేరుగా నష్టం జరిగే చోట్లు మూడున్నాయి, చివరి వారం వీటి మీదే పెట్టండి.

- బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్ప ఈత), బటర్‌ఫ్లైలలో మలుపు దగ్గరా ముగింపు దగ్గరా రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. ఒక్క చెయ్యి తాకితే అనర్హతే. సాధనలో అలా తాకినవాడి సమయం పలక మీద రాయకండి.
- స్టార్ట్ ఇవ్వకముందే కదిలితే రెండో అవకాశం లేదు. "టేక్ యువర్ మార్క్స్" అన్నాక ఒకసారి వెంటనే, ఒకసారి ఆలస్యంగా విజిల్ వేసి కదలకుండా ఉండడం నేర్పండి.
- రిలేలో ముందువాడు గోడ తాకక ముందే తర్వాతివాడి కాళ్ళు బ్లాకును వదిలితే నలుగురూ పోతారు. ఇద్దరిద్దరిని జతలు చేసి ఇదొక్కటే పది సార్లు చేయించండి. ఒకరితో ఒకరికి పడని పిల్లలను కావాలనే ఒక జత చేయండి, ఒకడి చెయ్యి కోసం ఇంకొకడు కన్నార్పకుండా చూడవలసి వస్తుంది.

నాలుగో వారం ముగిశాక మళ్ళీ మూడు రోజులు నోట్‌బుక్‌లో రాసుకొని, మొదటి పేజీల పక్కన పెట్టి చూడండి. గోడ దగ్గరి గొడవలు తగ్గి, బట్టలు మార్చుకునే గది దగ్గరివి అలాగే మిగిలి ఉంటే, అందరూ నీళ్ళ నుంచి బయటికి రాగానే సహాయకుణ్ణి ఆ గది తలుపు బయట నిలబెట్టి, నాలుగు లేన్లవాళ్ళనూ ఒకేసారి కాక రెండు నిమిషాల తేడాతో లేన్ తర్వాత లేన్‌ను లోపలికి పంపించండి.